బత్తాయి తోటలో మందు కొట్టే ముందు

నల్లగొండ బత్తాయి రైతులకు మొదటి మాట: పూత మీద మందు కొట్టకండి, పూలకు వచ్చే తేనెటీగలకు అది విషం. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

– చుట్టుపక్కల తేనెపెట్టెలు పెట్టినవారికి ముందురోజే చెప్పండి. తేనెటీగలు రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి మేస్తాయి. మీ గట్టు వాటికి హద్దు కాదు.

– ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ అనే పురుగుమందులు మొక్క లోపలికి పాకి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి కాబట్టి పూతకు కాస్త ముందు కొట్టినా ప్రమాదమే. తేనెటీగ అక్కడికక్కడే చావకపోవచ్చు. దారి మరిచి పెట్టెకు చేరకపోవచ్చు, లేదా విషపు పుప్పొడిని మోసుకెళ్లవచ్చు. దాన్నే పెట్టెలోని లార్వాలు (ఈగ పిల్లలు) తింటాయి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

– చెట్ల కింద పూసిన కలుపును ముందే కోయండి. ఆ పూలకూ ఈగలు వస్తాయి.

– తప్పనిసరైతే సూర్యాస్తమయం తర్వాత, గాలి లేనప్పుడే కొట్టండి.

– పంపు కడిగిన నీళ్లు కాలువలో పోయవద్దు. ఈగలు అక్కడే తాగుతాయి.