యుద్ధం జరిగే చోటికి సాయం పంపాలంటే ముందు దారి చూస్కోండి, సరుకు తర్వాత

ఎక్కడైనా యుద్ధం మొదలైందని వినగానే చాలామంది ముందు చేసేది సరుకు పోగెయ్యడం. పిండి, దుప్పట్లు, మందులు అన్నీ వారంలో గోడౌన్‌కి చేరిపోతాయి, ఆ తర్వాత అదే గోడౌన్‌లో నెలలు పడుంటాయి, ఎందుకంటే దారి సంగతి ఎవరూ చూడలేదు కాబట్టి. అందుకే ప్లాన్ ఎప్పుడూ వెనక నుంచి మొదలుపెట్టాలి. ఆకలితో ఉన్న మనిషి ఎక్కడున్నాడు, అతని చేతికి ప్యాకెట్ ఇచ్చేది ఎవరు, ఆ ఊరికి చివరి ఐదు కిలోమీటర్లు ఎవరి తుపాకీ కింద ఉన్నాయి, ఇవి తేలాకే కొనడం గురించి ఆలోచించండి.

ముందు లెక్క. మనిషికి రోజుకి 2100 కిలో కేలరీలు, తాగడానికీ వండుకోడానికీ శుభ్రతకీ కలిపి కనీసం 15 లీటర్ల నీళ్లు అని సాయం చేసే సంస్థలన్నీ పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో ఉంది. ధాన్యం, పప్పు, నూనె, ఉప్పు కలిపి మనిషికి రోజుకి సుమారు అరకిలో అనుకుంటే 20 టన్నుల ట్రక్ ఒకటి దాదాపు 1300 మందికి నెల తిండి, అంతే. లక్షమంది చిక్కుకున్న ఊరికి నెలకి 75 ట్రక్కులకు పైనే కావాలి. ఈ లెక్క చేస్కుంటే ఒక్క కాన్వాయ్ వెళ్లిందన్న వార్త చూసి హమ్మయ్య అనుకోరు. ఇంకోటి, ముట్టడిలో ఉన్న ఊళ్లో గ్యాస్ ఉండదు, కట్టెలుండవు, నీళ్లుండవు, అక్కడికి పచ్చి ధాన్యం పంపితే వాళ్లేం చేస్కుంటారు? వండక్కర్లేనివి పంపాలి. బాగా చిక్కిపోయిన పిల్లలకైతే వేరుశనగ పేస్ట్ ప్యాకెట్ ఉంటుంది, 92 గ్రాములు, 500 కిలో కేలరీలు, నీళ్లు కలపక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, మూల చింపిస్తే పిల్లాడు తనంతట తనే పిండుకుని తింటాడు. ఒక పిల్లాడు కోలుకోడానికి దాదాపు 150 ప్యాకెట్లు, అంటే ఒక అట్టపెట్టె. ట్రక్‌లో చోటు తక్కువుంటే ముందు ఎక్కాల్సినవి ఇవి. వాడేసిన బట్టలు మాత్రం దయచేసి వద్దు, వాటిని ఏరి సర్దడానికే మనుషులూ చోటూ అయిపోతాయి. మార్కెట్ ఇంకా నడుస్తున్న చోట అయితే సరుకు కన్నా డబ్బు పంపడమే మేలు, ఎవరికేం కావాలో వాళ్లే కొనుక్కుంటారు, కొట్టు వాడు కూడా బతుకుతాడు.

ఇక అసలు కష్టం పర్మిషన్. చట్టం మన వైపే ఉంది. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 23వ ఆర్టికల్ మందులకీ, పిల్లలకీ గర్భిణులకీ వెళ్లే తిండికీ దారి ఇవ్వాలంటుంది, 1977లో ఆ ఒప్పందాలకి చేర్చిన ప్రోటోకాల్స్ దాన్ని ఇంకా పెంచాయి. కానీ అదే చట్టం తనిఖీ చేసే హక్కు కూడా పోరాడే పక్షాలకి ఇచ్చింది, ఆలస్యం అంతా అక్కడే పుడుతుంది. సిరియా చూడండి, 2014లో భద్రతా మండలి 2165 తీర్మానంతో నాలుగు సరిహద్దు దారులు తెరిపించింది, 2020 వచ్చేసరికి మిగిలింది బాబ్ అల్ హవా ఒక్కటే, ఒక వీటో పడితే లక్షలమంది తిండి దారి మూసుకుపోయే పరిస్థితి అప్పుడు. సూడాన్‌లో చాద్ వైపు నుంచి డార్ఫర్‌కి వెళ్లే అద్రే దారిని 2024 ఫిబ్రవరిలో మూసి ఆగస్టులో మళ్లీ తెరిచారు, ఆ మధ్యలో వానలొచ్చాయి, వాగులు పొంగాయి, దారి తెరిచినా బండి కదలని పరిస్థితి. కాబట్టి రెండో దారి ముందే సిద్ధంగా పెట్టుకోండి, దానికి సరిపడా డీజిల్‌తో సహా.

పర్మిషన్ అంటే రాజధానిలో ఒక సంతకం అనుకోవద్దు. దారిలో ఎన్ని చెక్‌పోస్టులున్నాయో రాస్కోండి, ఒక్కోటి ఎవరి చేతిలో ఉందో, వాళ్లకి ఆర్డర్ ఎవరి దగ్గర్నుంచి వస్తుందో తెలుస్కోండి, ఆ పై వాడితో చెప్పించండి. రెండు వైపులా మాట్లాడాలి, ఒక వైపే మాట్లాడితే రెండో వైపుకి మీరు శత్రువు మనుషులు. ఆంక్షలున్న దేశమైతే బ్యాంకు కూడా ఒక చెక్‌పోస్టే, 2022 డిసెంబర్‌లో వచ్చిన 2664 తీర్మానం భద్రతా మండలి ఆంక్షల నుంచి మానవతా సాయానికి మినహాయింపు ఇచ్చింది గానీ బ్యాంకుల భయం పోలేదు, డబ్బు పంపే పని నెలల ముందే మొదలెట్టండి.

కాగితాల దగ్గర ఒక్క అంకె తేడా వస్తే ఏమవుతుందో చెప్తా. 50 కిలోల బస్తాలు 400, మొత్తం 20 టన్నులు అని బండితో పాటు వెళ్లే సరుకు చీటీ, అంటే వేబిల్‌లో ఉంటుంది. లోడింగ్‌లో ఒక బస్తా చిరిగింది, ఎవరో పక్కన పెట్టేశారు, కాగితం మీద దిద్దలేదు. చెక్‌పోస్ట్‌లో సైనికుడు లెక్కపెడితే 399. ఆ ఒక్కటి ఎవరికి ఇచ్చారు, దాని బదులు లోపల ఇంకేం పెట్టారు అని మొత్తం దించమంటాడు, దించి మళ్లీ ఎక్కించేసరికి పొద్దు గూకుతుంది, కర్ఫ్యూ పడుతుంది, వెనకున్న బళ్లన్నీ రోడ్డు మీదే రాత్రి గడపాలి, యుద్ధంలో ఆగి ఉన్న బండి కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. అందుకే డ్రైవర్ ఎదురుగానే లెక్కపెట్టండి, తేడా ఉంటే అక్కడే కొట్టేసి సంతకం పెట్టండి, సీల్ నంబర్ వేబిల్‌లో రాయండి, అక్కడి భాషలో ఒక కాపీ డ్రైవర్ చేతిలో ఉండాలి. క్లోరిన్, జనరేటర్, పైపులు, కొన్ని రకాల మందులు, వీటిని సైనిక అవసరాలకి కూడా వాడొచ్చని ఆపుతారు, అలాంటివి తిండి ట్రక్‌లో కలపొద్దు, వాటికి వేరే బండి, వేరే పర్మిషన్. లేకపోతే ఒక్క పెట్టె కోసం మొత్తం తిండి ఆగిపోతుంది. చాలా వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఎన్ని గంటలు ఆగినా తట్టుకునేలా ఐస్ లెక్క వేస్కోండి.

గోడౌన్లు, ఆస్పత్రులు, కాన్వాయ్ దారి, టైము, వీటి జీపీఎస్ వివరాలు పోరాడే పక్షాలకి ముందే ఇస్తారు, ఇవ్వాల్సిందే. అయితే అది కవచం అనుకోవద్దు. 2015 అక్టోబర్ 3న అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో వైద్యుల సంస్థ ఎంఎస్ఎఫ్ ఆస్పత్రి మీద అమెరికా విమానం దాడి చేసినప్పుడు 42 మంది చనిపోయారు, ఆ ఆస్పత్రి లొకేషన్ ముందే ఇచ్చి ఉంది. పైన ఇచ్చిన సమాచారం కింద ట్రిగ్గర్ నొక్కే వాడి దాకా వెళ్లిందా లేదా అన్నది అడిగి అడిగి తేల్చుకోవాలి. బయల్దేరే రోజు పొద్దున్న రెండు వైపుల నుంచీ మళ్లీ కన్ఫర్మేషన్ తీస్కోండి, నిన్నటి ఓకే ఈరోజుకి పనికిరాదు.

బండిలో తుపాకీ ఉండకూడదు, గాయపడని సైనికుడికి లిఫ్ట్ ఇవ్వకూడదు, దారిలో ఫొటోలు తియ్యకూడదు. ఇవన్నీ అందరికంటే ఎక్కువ కాపాడేది డ్రైవర్నే. 2024లో ప్రపంచమంతటా 383 మంది సహాయ సిబ్బంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి చెప్పింది, వాళ్లలో ఎక్కువ మంది ఆ దేశం వాళ్లే. ఇన్సూరెన్స్, హెల్మెట్, రేడియో విదేశీ స్టాఫ్‌కి ఒకలాగ లోకల్ స్టాఫ్‌కి ఒకలాగ ఇవ్వడం నాకు అస్సలు మింగుడు పడదు. ఈరోజు వెళ్లను అని డ్రైవర్ అంటే జీతం కొయ్యకుండా వినండి, ఆ రోడ్డు మీకన్నా అతనికే బాగా తెలుసు.

రోడ్డు కుదర్లేదు కదా అని పైనుంచి పడేద్దాం అంటారు. అది అన్నీ మూసుకుపోయినప్పుడే. 2016 ఫిబ్రవరిలో సిరియాలోని దేర్ ఎజ్ జోర్ మీద ఐక్యరాజ్యసమితి సంస్థ ప్రపంచ ఆహార కార్యక్రమం మొదటిసారి 21 పాలెట్లు, అంటే చెక్క పలకల మీద కట్టిన సరుకు కట్టలు, వదిలితే పదింటి ఆచూకీ లేదు, ఏడు ఎవరూ వెళ్లలేని చోట పడ్డాయి, నాలుగు పాడయ్యాయి. తర్వాత పద్ధతి మార్చుకుని 300కి పైగా సార్లు వేశారు, ఊరు నిలబడింది, అంటే సాధ్యమే గానీ నేల మీద ఏరి పంచేవాళ్లు ఉండాలి. సముద్రం దారి కూడా అంతే, గాజా దగ్గర 2024 మేలో కట్టిన తేలే జెట్టీ కొద్ది రోజులకే అలలకి విరిగింది, జులైకి మూసేశారు. యెమెన్‌లో హుదైదా రేవు క్రేన్లు 2015 ఆగస్టు దాడిలో పోతే మొబైల్ క్రేన్లు వచ్చేసరికి 2018 జనవరి అయ్యింది.

పంచేటప్పుడు ఒకే చోట వేలమందిని నిలబెట్టొద్దు, తొక్కిసలాటా జరుగుతుంది, బాంబుకీ గురి అవుతుంది. చిన్న చిన్న చోట్లు, వేర్వేరు టైములు, ముసలివాళ్లకీ ఒంటరి ఆడవాళ్లకీ ముందు. లిస్టు ఊరి వాళ్లతోనే రాయించి, అందరికీ కనపడేలా అతికించండి, ఎవరి పేరు మిస్సయిందో వాళ్లే చెప్తారు.

సరుకు దించేశాక పని అయిపోయినట్టు ఫోన్లు పక్కన పెట్టేస్తారు, అది చెయ్యొద్దు. 2024 ఏప్రిల్ 1న గాజాలో తిండి పంచే సంస్థ వరల్డ్ సెంట్రల్ కిచెన్ వాళ్లు దేర్ అల్ బలాలో తిండి దించేసి వెనక్కి వస్తుంటేనే ఇజ్రాయెల్ డ్రోన్ దాడిలో ఏడుగురు చనిపోయారు. ఖాళీ బండికి కూడా పర్మిషన్ కావాలి, తిరుగు దారి కూడా ఆ కాగితంలోనే రాయించండి, చివరి డ్రైవర్ ఇంటికి చేరానని ఫోన్ చేసేదాకా రేడియో దగ్గర ఒక మనిషి కూర్చునే ఉండాలి.