ముల్లా, ముళ్ళా? పిల్లల నోట ళ, ణ పలికించడం ఎలా

ఈమధ్య ఒక ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు. మా అక్క కొడుకు తింటా తింటా ఆగిపోయి "పిన్నీ, నోట్లో ముల్లు" అన్నాడు. వేలు పెట్టి ఒకటి తీసేసి, ఇంక తినరా అంటే తినడు, కళ్ళనిండా నీళ్ళు. మళ్ళీ నోరు తెరిపించి చూస్తే చిగురు పక్కన ఇంకో రెండు ఉన్నాయి. వాడు చెప్పాలనుకున్నది ముళ్ళు. వాడి నోట్లో ళ లేదు, అంతే.

ముల్లు అంటే ఒకటి, ముళ్ళు అంటే చాలా. ఇల్లు ఒకటి, ఇళ్ళు చాలా. ఒకటా, ఎక్కువా అన్నది ఇక్కడ నాలుక మడతలోనే ఉంది, అది పోతే లెక్కే పోతుంది. కళ్ళు ఎర్రబడ్డాయి అనబోయి కల్లు అంటే ఇంకేమన్నా ఉందా! కల వేరు, కళ వేరు. అన్నం వేళ వేరు, వేల రూపాయలు వేరు. (కళ్లు అని రాసినా కళ్ళు అని రాసినా పలికేది ఒకటే, దానికి టెన్షన్ పడొద్దు.)

ఇక నేర్పే పద్ధతి. ముందు నోటి జోలికి పోకండి, చెవితో మొదలుపెట్టండి, ఎందుకంటే తేడా వినపడని పిల్లోడి చేత వందసార్లు అనిపించినా వాడికి తెలిసిన ల నే వందసార్లు అంటాడు. మీరు ముల్లు అంటే ఒక వేలు, ముళ్ళు అంటే అన్ని వేళ్ళూ చూపించమనండి. మీ పెదాలు చూసి కనిపెట్టకుండా వాడి వెనక నిలబడి అనండి. ఇల్లు, ఇళ్ళు కూడా కలిపేయండి. పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా చూపించేదాకా ఈ ఆట ఒక్కటే ఆడండి.

తర్వాత నోరు. ల అన్నప్పుడు నాలుక కొస పైపళ్ళ వెనక తగులుతుంది. ళ కి అది వెనక్కి మడిచి అంగిట్లో తగలాలి. పిల్లలకి ఇట్టా చెప్తే అర్థం కాదు. "ట" అనమనండి, అది వాళ్ళకి ఎట్టాగూ వచ్చు. ట అనబోయి నాలుక అక్కడే ఆపి, కదపకుండా ల అనమనండి, ళ దానంతట అదే వస్తుంది. ణ ఇంకా తేలిక. "బండి" అని మెల్లగా అంటూ డి కి ముందే ఆగమనండి, ఆగిన చోట ఉన్నదే ణ. "బంతి" అంటూ అట్టాగే ఆపితే వచ్చేది న. రాసేది అదే సున్నా అయినా నాలుక చోటు మారిపోతుంది, వాళ్ళే పట్టుకుంటారు.

ఒత్తులకి అరచెయ్యి చాలు. నోటి ముందు పెట్టుకుని బావి, భావి అనమనండి. భ కి గాలి గట్టిగా తగలాలి. భావి పౌరులు కాస్తా బావి పౌరులు అయిపోవడం మైకుల్లో కూడా వింటున్నాం. అర్థం అంటే మీనింగ్, అర్ధం అంటే సగం, ఇక్కడ రెండింటికీ గాలి ఉంది కాబట్టి చెయ్యి గొంతు మీద పెట్టాలి. ధ కి గొంతు అదురుతుంది, థ కి అదరదు.

పొడుగు పొట్టి తేడాలకి చప్పట్లు. కావలి బస్సులో టికెట్ అడిగేటప్పుడు "కావలి కావాలి" అని చూడండి. మొదటిదాంట్లో దీర్ఘం ఒక్కటే, రెండోదాంట్లో రెండు. దీర్ఘం దగ్గర రెండు చప్పట్లు, మిగతా అక్షరానికి ఒకటి, అంటే కావలికి నాలుగు, కావాలికి అయిదు. నెల, నేల కూడా ఇంతే.

రాతలో కనపడని తేడాలు కూడా ఉన్నాయి, నాకు వీటి మీద ప్రాణం. అన్నంలో పోసుకునే చారులో చ పళ్ళ దగ్గర పుడుతుంది, చారుశీల అనే పేరులో చ అంగిట్లో పుడుతుంది. మేకలో ఏ నోరు బాగా తెరుచుకుని మ్యా కి దగ్గరగా వస్తుంది, గోడకి కొట్టే మేకులో రాదు. వీటిని నేర్పక్కర్లేదు, ఇంట్లో తెలుగు మాట్లాడితే వాటంతట అవే వస్తాయి.

13వ శతాబ్దంలో మన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉన్న రోజుల్లో ర వేరు, ఱ వేరు, కవులు ప్రాసలో ఒకదానికి ఒకటి వేసేవాళ్ళు కాదు. ఇప్పుడు మన నోళ్ళలో రెండూ ఒకటే. ళ కూడా అట్టా పోతుందేమోనని నాకు నిజంగా దిగులు.

ఒక్క జాగ్రత్త. చుట్టాల ముందు, మాట మధ్యలో ఆపి దిద్దకండి, పిల్లలు మాట్లాడటమే మానేస్తారు. వాళ్ళు "పల్లు తోముకున్నా" అంటే "పళ్ళు తోముకున్నావా, సరే రా" అని మీరు సరిగ్గా అని వదిలేయండి. రోజుకి అయిదు నిమిషాలు ఆట, అంతకంటే వద్దు. మా వాడు పది రోజులకి నిన్న అన్నం దగ్గర నన్నే ఆపి, "పిన్నీ, ముల్లు అన్నావా, ముళ్ళు అన్నావా?" అని ఒక వేలు ఎత్తి పట్టుకుని అడిగాడు.