కరెంటు, నీళ్లు, కూరగాయలు ఒక్కసారే ఆగిపోతే: విశాఖ ఇంటిని ముందే ఎలా సిద్ధం చేసుకోవాలి?

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. గాలి హోరు తగ్గాక మేడ మీదికి వెళ్లి చూస్తే, మూడేళ్లుగా పెంచుకున్న తోటలో నిలబడ్డ మొక్క ఒక్కటీ లేదు. మునగ మొదలంటా విరిగి పిట్టగోడ మీద పడుంది. ఆనప పందిరి ఎటు ఎగిరిపోయిందో తెలీదు. ఆ తర్వాత పది రోజులు మా నలుగురి కడుపు నింపింది పచ్చగా కనిపించిన ఆ తోట కాదు. మట్టిలో దాక్కున్న చిలగడదుంపలు, చేమదుంపలు, డబ్బాలో వడియాలు, మా అత్తయ్య పల్లె నుంచి తెచ్చిన చోడిపిండి, అంటే రాగిపిండి.

సొంతంగా పండించుకోవడమంటే కుండీలేనని అప్పటిదాకా అనుకున్నాను. నీళ్లు, గింజలు, పొయ్యి, విత్తనం ఇవన్నీ కలిస్తేనే ఇల్లు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఇంకో మాట. ఏది దాచినా అది మీ ఇంట్లో రోజూ తినే వస్తువే అయ్యుండాలి. కష్టకాలం కోసమని ప్రత్యేకంగా కొని అటకెక్కించింది పురుగు పడుతుంది, పైగా పిల్లలు దాన్ని ముట్టరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు కరెంటూ నీళ్లూ ఉన్నాయి కానీ రైతుబజారుకు వెళ్లాలంటేనే టెన్షన్. కష్టం వేరు, అక్కరకొచ్చింది మాత్రం అదే సామాను.

మొదట నీళ్లు

తాగడానికీ వంటకీ మనిషికి రోజుకు 5 లీటర్లు వేసుకోండి. నలుగురికి పది రోజులకు 200 లీటర్లు, అంటే ఒక పెద్ద నీలం డ్రమ్ము. తినే సరుకు వచ్చిన డ్రమ్మే కొనండి. రసాయనాలు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు. వారం పది రోజులకోసారి ఆ నీళ్లు మొక్కలకు పోసి, డ్రమ్ము కడిగి కొత్తవి పట్టండి.

హుద్‌హుద్ అప్పుడు మా సంపు నిండా నీళ్లే. కానీ మోటారు తిరగదు. పైన ట్యాంకు రెండో రోజుకే ఖాళీ. ఇంట్లో చేంతాడు లేక, దండెం తాడు విప్పి బకెట్టుకు కట్టి తోడుకున్నాం. ఇప్పుడు సంపు మూత పక్కన గోడకు ఒక మేకు ఉంది. దానికి పది గజాల చేంతాడు, చిన్న స్టీలు బకెట్టు వేలాడుతుంటాయి. ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇదే చేయండి. సంపులోకి మురుగు దిగిందని అనుమానం వస్తే ఆ నీళ్లు నోట్లో పోసుకోవద్దు. అనుమానం లేకపోయినా ఆ రోజుల్లో బాగా మరగకాచి చల్లార్చినవే తాగాలి.

వాన నీళ్లు పట్టడం కష్టమేమీ కాదు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే దాదాపు 900 లీటర్లు పడతాయి. మొదటి పావుగంట నీటిని వదిలేయండి, దుమ్మూ పావురాల రెట్టలూ అందులోనే కొట్టుకుపోతాయి. తర్వాత గొట్టం చివర పలచటి నూలుగుడ్డ కట్టి డ్రమ్ములోకి పట్టండి. ఇవి కడుగుళ్లకూ మొక్కలకూ. డ్రమ్ముకు మూతో దోమతెరో లేకపోతే మాత్రం డెంగీని మనమే పెంచినట్టు.

గింజలు, ఎండబెట్టినవి

డబ్బా తెరిచిన గంటకే అప్పడం మెత్తబడే ఊరు మనది. ఈ సముద్రపు గాలిలో నిల్వ అంటే తేమతో పోరాటమే. నలుగురికి రోజుకు కిలోన్నర బియ్యం చొప్పున 25 కిలోల బస్తా పదహారు రోజులు వస్తుంది. ఇంట్లో ఎప్పుడూ ఒక బస్తా వాడకంలో, ఒకటి వెనకాల ఉండాలి. కొత్తది వెనక్కి, పాతది ముందుకి.

కందిపప్పు సంగతి అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను. ఏప్రిల్ ఎండలో చాప మీద రెండు పూటలు ఎండనిచ్చి, వేడి పూర్తిగా చల్లారాక పెద్ద పళ్లెంలో పోస్తుంది. కిలోకు చెంచాడు తినే ఆముదం అరచేతుల్లో రాసుకుని, పప్పును నలపకుండా, గింజ గింజా దొర్లేలా మెల్లగా తిప్పుతుంది. పప్పు మీద సన్నటి మెరుపు రాగానే ఆపేస్తుంది. అప్పుడు మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలోకి. వండే ముందు గోరువెచ్చటి నీళ్లతో రెండుసార్లు కడిగితే జిడ్డు పోతుంది. ఏడాదైనా పురుగు కనబడదు.

దీంతో పాటు చోళ్లు, అనకాపల్లి బెల్లం, చింతపండు, రాళ్ల ఉప్పు, గుమ్మడి వడియాలు, చల్లమిరపకాయలు, మామిడి ఒరుగులు ఉంచుకోండి. చేప తినేవాళ్లకి ఎండు నెత్తళ్లు. చోడి అంబలికి నా మనసులో ప్రత్యేకమైన చోటుంది. అరగంట పొయ్యి, ఒక ఉల్లిపాయ ముక్క, కాస్త మజ్జిగ, ఇంటిల్లిపాదికీ పూట గడిచిపోతుంది.

తోటలో ఏం వేయాలి?

గాలిని తట్టుకునేవి ముందు. చిలగడదుంప, చేమ, కంద, పెండలం, అల్లం, పసుపు. పైన ఆకు చిరిగిపోయినా కింద దుంప చెక్కుచెదరదు. అడుగున్నర లోతున్న టబ్బులు చాలు, నేల ఉంటే మరీ మంచిది. చిలగడదుంప తీగ ముక్క గుచ్చితే నాలుగు నెలల్లో దుంప వస్తుంది, ఈలోగా లేత ఆకు కూర వండుకోవచ్చు.

రెండోది ఆకుకూరలు. తోటకూర, గోంగూర, బచ్చలి, పొన్నగంటి. మునగ కూడా వేయండి, కానీ దాని కొమ్మ పెళుసు. సెప్టెంబరులోనే తల నరికి పొట్టిగా ఉంచాలి. నరికిన కొమ్మలు గుచ్చితే కొత్త చెట్లవుతాయి.

మట్టి బలానికి వంటింటి చెత్త, ఎండుటాకులు పొరలు పొరలుగా వేసి, కాస్త పుల్లమజ్జిగ చల్లి, అడుగున చిల్లులున్న బకెట్టులో రెండు మూడు నెలలు మాగనివ్వండి. జీవామృతం కావాలంటే 20 లీటర్ల నీటికి కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మట్టి కలిపి రెండు రోజులు నీడలో ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పండి. పదింతల నీరు కలిపి పోయాలి.

విత్తనాలు మాత్రం ఎప్పుడూ ఖాళీ కానివ్వొద్దు. ఒక్కో రకంలో ఒక మొక్కను కోయకుండా గింజకు వదిలేయండి. గింజలు ఎండాక జల్లించిన బూడిద కలిపి సీసాలో పోసి, మూత మీద నెల రాయండి.

పొయ్యి, వెలుతురు

రెండో గ్యాస్ సిలిండరు నిండుగా ఉంచడం, పప్పులు నానబెట్టి కుక్కర్లో వండడం, ఈ రెండే చాలావరకు గట్టెక్కిస్తాయి. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి తలుపులు మూసిన గదిలో ఎప్పుడూ వెలిగించవద్దు, ఆ పొగకు ప్రాణాలు పోతాయి. ఒక సోలార్ లాంతరు, రోజూ వేసుకునే మందులు నెలకు సరిపడా, చిన్న నోట్లు కొన్ని. కరెంటూ సిగ్నలూ లేనప్పుడు కార్డుతో, ఫోన్‌తో పని జరగదు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు

మనకు అక్టోబరు, నవంబరు నెలలే భయం. వాయుగుండం అనే మాట చెవిన పడగానే పైట్యాంకు నింపండి. నిండు ట్యాంకు గాలికి కదలదు, ఖాళీది లేచిపోతుంది. పందిళ్లు విప్పేయండి. కుండీలు పిట్టగోడ మీద నుంచి దించి మూలకు చేర్చండి, గాల్లో లేచిన కుండీ మనిషిని చంపగలదు. కోతకొచ్చిన కూర కోసేయండి. దుంపల జోలికి వెళ్లకండి, వాటికి మట్టే కాపు. ఫోన్లు చార్జింగ్ పెట్టి, పెసలు నానబోయండి. రెండో రోజుకి మొలకలు చేతికొస్తాయి, పొయ్యి అక్కర్లేదు.

అన్నీ ఒక్క ఇంటి వల్ల కాదు. మా వీధిలో ఒకరికి చేతిపంపు ఉంది, ఒకరింట్లో నాటుకోళ్లు, మా దగ్గర దుంపలు. ఎవరి దగ్గర ఏముందో ముందే మాట్లాడుకుని ఉంచాం. హుద్‌హుద్ రోజుల్లో చేతిపంపు ఆంటీ మాకు పొద్దున్నే రెండు బిందెలు పట్టనిచ్చేవారు, మేం చేమదుంపలు పంపేవాళ్లం.

గాలివాన వెలిశాక

అప్పుడు కొండల మీద చెట్లన్నీ మాడిపోయినట్టు గోధుమరంగుకు తిరిగాయి. ఉప్పు గాలి అంత పని చేస్తుంది. కాబట్టి మిగిలిన మొక్కలను మంచి నీటితో ఆకు ఆకూ కడగాలి, కుండీల మట్టిలోంచి రెండుసార్లు నీళ్లు బాగా ఇంకి కిందికి కారనివ్వాలి. విరిగిన కొమ్మలు నరికి ఎండబెడితే పొయ్యికొస్తాయి. ఆ వారంలోనే తోటకూర, మెంతులు చల్లండి. మెంతి మూడు వారాలకు, తోటకూర ఇరవై ఐదు రోజులకు కోతకొస్తాయి. మేం ఆ ఏడాది మొదట కోసిన తోటకూరలో సగం చేతిపంపు ఆంటీ ఇంటికే వెళ్లింది.