వేర్వేరు మతాలవారితో సైన్సు, పర్యావరణం మీద గోష్ఠి నడపడం ఎలా?

సర్వమత గోష్ఠి అనగానే వేదిక మీద ఏడెనిమిది కుర్చీలు గుర్తొస్తాయి. ఒక్కొక్కరూ పావుగంట మాట్లాడతారు, మా మతం కూడా ప్రకృతిని ప్రేమించమనే చెప్పిందంటారు, చప్పట్లు, ఫొటో, అంతే. అది సభ. సంవాదం అనాలంటే ఒకరు చెప్పింది విన్నాక రెండోవారి ప్రశ్న మారాలి. ఆ మార్పుకు చోటిచ్చే ఏర్పాటు ఎలా ఉండాలో ఇక్కడ చూద్దాం. లెక్కంతా మూడు గంటల గోష్ఠికి, పన్నెండు నుంచి పదిహేను మందికి వేసింది.

ముందు ప్రశ్న

సగం పని ఇక్కడే అయిపోతుంది. "మతానికీ సైన్సుకూ పొసగుతుందా?" లాంటి ప్రశ్న పెడితే అందరూ ఇంటి దగ్గర తయారుచేసుకున్న జవాబే తెస్తారు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి, ఎవరో ఒకరు నిజంగా తేల్చుకోవలసినదై ఉండాలి. ఉదాహరణకు: మెదడు పూర్తిగా ఆగిపోయి, యంత్రం సాయంతో గుండె మాత్రం కొట్టుకుంటున్న మనిషి చనిపోయినట్టా, బతికున్నట్టా?

ఈ ప్రశ్న ఎందుకు పనిచేస్తుందో చూడండి. మెదడు మరణానికి వైద్యపరమైన కొలమానాలను అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాల కమిటీ 1968లో ప్రతిపాదించింది. 1986లో జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ (ధర్మశాస్త్ర) అకాడమీ మెదడు మరణాన్ని మరణంగా ఒప్పుకుంది, అయినా ఒప్పుకోని ముస్లిం పండితులు ఇప్పటికీ ఉన్నారు. సంప్రదాయాన్ని కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ యూదు రబ్బీలూ (మతగురువులు) రెండుగా చీలారు. అంటే గీత మతానికీ మతానికీ మధ్య పడలేదు, ప్రతి మతం లోపల పడింది. తన మతస్థుడే ఎదుటి పక్షాన, పరాయి మతస్థుడు తన పక్షాన కనిపించగానే జట్టు కట్టే బుద్ధి సడలుతుంది. మంచి ప్రశ్నకు ఇదే గుర్తు.

పిండం మీద పరిశోధన కూడా ఇలాంటిదే. ఫలదీకరణ నుంచే జీవానికి పూర్తి గౌరవం ఇవ్వాలంటుంది కథోలిక సంప్రదాయం. 120 రోజులకు ఆత్మ ప్రవేశిస్తుందని చాలామంది ముస్లిం పండితులు చెబుతారు. యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో నలభై రోజుల వరకు అది వట్టి నీరేనన్న మాట ఉంది. ప్రయోగశాలలో పిండాన్ని 14 రోజులు దాటి పెంచకూడదన్న హద్దును బ్రిటన్‌లో వార్నాక్ కమిటీ 1984లో సూచించింది. ఈ నాలుగు అంకెలు ఒక కాగితం మీద పెడితే చాలు, మాట దానంతటదే నడుస్తుంది.

పర్యావరణంలోనైతే అంత్యక్రియల కంటే పదునైన విషయం దొరకడం కష్టం. శవాన్ని రాబందులకు వదిలే జొరాస్ట్రియన్ (పార్సీల) ఆచారం దక్షిణాసియాలో చిక్కులో పడింది. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందుల్ని చంపుతోందని 2004లో తేలింది. పక్షి పోతే ఆచారం ఏమవ్వాలి? జీవశాస్త్రం, ధర్మం, దైనందిన అవసరం ఇంత దగ్గరగా కలిసే ప్రశ్నలు అరుదు.

ఎంచుకున్న ప్రశ్నను మూడుగా విడగొట్టి రాసుకోండి: ఇందులో వాస్తవమేది, విలువ ఏది, చేయవలసిన పని ఏది. గొడవలు చాలామటుకు ఒకరు వాస్తవం గురించి, మరొకరు విలువ గురించి మాట్లాడుతూ అది గమనించకపోవడం వల్లే వస్తాయి.

ఎవరిని పిలవాలి

ఒక్కో మతం నుంచి కనీసం ఇద్దరు, ఆ ఇద్దరూ ఒకేలా ఆలోచించనివారు. ఒక్కరే వస్తే ఆ మతమంతటికీ రాయబారి అయిపోతారు, సందేహం బయటపెట్టలేరు. ఒకరు గ్రంథాలు చదివినవారైతే మరొకరు మామూలు భక్తులు కావాలి, ఆడవాళ్లు, చిన్నవయసువాళ్లు తప్పక ఉండాలి. దేవుణ్ని నమ్మనివారికీ ఒక కుర్చీ వేయండి. 1893 షికాగో సర్వమత మహాసభలో ఇస్లాం తరఫున ప్రధానంగా మాట్లాడింది ఆ మతం స్వీకరించిన అమెరికన్ అలెగ్జాండర్ రస్సెల్ వెబ్. ఆ మతంలో పుట్టి పెరిగినవారి గొంతు పెద్దగా వినపడని అలాంటి లోటు మీ జాబితాలో ఉందేమో చూసుకోండి. ఎవరూ దొరకని మతం గురించి వేరొకరు మాట్లాడటం కంటే ఆ మతం ఈసారి లేదని చెప్పడమే మర్యాద.

మూడు వారాల ముందు ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయాలి. ఈ ప్రశ్నలో మీకు నిజంగా తేలనిదేమిటి? ఏ మాట వింటే మీరు లేచి వెళ్లిపోతారు? ఏమి తినరు? మొదటిదానికి "అన్నీ తేలినవే" అని జవాబొస్తే ఆ మనిషి ఉపన్యాసానికి సరిపోతారు, దీనికి కాదు.

ముస్లింల, యూదుల, క్రైస్తవుల ఆరాధన వేళలు కాబట్టి గోష్ఠి శుక్రవారం మధ్యాహ్నం, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా, ఆదివారం ఉదయం వద్దు. రంజాన్ పగళ్లు వద్దు. ఆహారం శాకాహారమే పెట్టి, ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని వంటకాలు కొన్ని వేరుగా ఉంచండి. మద్యం వద్దు. కొందరు జైనులు సూర్యాస్తమయం తర్వాత తినరు కాబట్టి విరామం అంతకుముందే రావాలి. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించేవారికి ముట్టని పండ్లు, సీలు విప్పని పొట్లాలు సులువైన దారి.

మూడు గంటల పంపకం

పరిచయాలకు పది నిమిషాలు, శాస్త్రవేత్తకు పదిహేను, మూడు గ్రంథభాగాలకు ఒక్కోదానికి ఇరవై అయిదు, విరామం ఇరవై, అసలు ప్రశ్నకు నలభై, రాతకు ఇరవై. కుర్చీలు గుండ్రంగా వేయండి. వేదిక, మైకు ఉండకూడదు. నడిపేవారు ఇద్దరు కావాలి: ఒకరు మాట చూస్తే రెండోవారు గడియారాన్నీ, నోరు విప్పనివాళ్లనీ చూస్తారు.

గ్రంథాల భాగం తొంభైల్లో యూదు, క్రైస్తవ పండితులు మొదలుపెట్టి ముస్లింలు చేరిన ఉమ్మడి పఠన పద్ధతి నుంచి వచ్చింది. ఒక్కో భాగం పదిహేను పంక్తులు మించకూడదు, మూలం, అనువాదం పక్కపక్కన ఒకే కాగితం మీద ఉండాలి. సొంతవారు అయిదు నిమిషాలు సందర్భం చెప్పి ఆగిపోతారు. మిగతా ఇరవై నిమిషాలు ఇతర మతాలవారే ప్రశ్నలు వేయాలి. ఈ మలుపే కీలకం, ఎందుకంటే సొంతవారికి అలవాటైపోయి కనిపించని పదం బయటివారి కంటికి తగులుతుంది.

పర్యావరణానికి ఆదికాండం 1:28, 2:15 రెండూ కలిపి ఇవ్వండి. మొదటిది భూమిని లోపరచుకొని ఏలమంటుంది, రెండోది తోటను సేద్యం చేసి కాపాడమంటుంది. పర్యావరణ సంక్షోభం వేళ్లు పాశ్చాత్య క్రైస్తవంలో ఉన్నాయని చరిత్రకారుడు లిన్ వైట్ 1967లో రాసినప్పటి నుంచి వాదమంతా ఈ రెండింటి మధ్యే తిరుగుతోంది. వాటి పక్కన త్రాసులో హద్దు మీరవద్దనే ఖురాన్ 55:7-9, జీవులు ఒకదానికొకటి ఉపకారం చేసుకుంటాయనే జైన సూత్రం పెడితే ఆ పూటకు సరిపోతాయి. నాలుగోది పెట్టాలన్న ఆశ పుడుతుంది. పెట్టకండి, అది తర్వాతిసారికి ఉంచండి.

శాస్త్రవేత్త పని తీర్పు చెప్పడం కాదు. వాస్తవాలు, వాటిలో దేనిమీద ఎంత నమ్మకమో చెప్పి కూర్చోవాలి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక యుగానికి ముందు పదిలక్షలకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది: ఇది వాస్తవం. ఎవరు ఎంత తగ్గించాలన్నది విలువ, దానికి ఆయన ఓటు కూడా ఒక్కటే.

ఎక్కడ చెడుతుంది

అన్నిటికంటే మొండిది "ఇది మా గ్రంథంలో ఎప్పుడో చెప్పారు" అన్న మాట. ఏ మతమూ దీనికి మినహాయింపు కాదు. దీన్ని అడ్డుకోవడానికి ఒక షరతు ముందే చెప్పేయండి: ఆ వాక్యానికి, శాస్త్రం ఆ సంగతి కనుక్కోకముందే రాసిన ఒక పాత వ్యాఖ్యానాన్ని చూపాలి. అందులో ఆ అర్థం లేకపోతే అది శాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నది. ఎవరైనా నొచ్చుకుంటే జార్జ్ లెమైత్ర్ సంగతి చెప్పండి. మహావిస్ఫోట సిద్ధాంతానికి పునాది వేసిన ఈ భౌతిక శాస్త్రవేత్త కథోలిక గురువు కూడా. 1951లో పోప్ పన్నెండవ పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంలా చూపినప్పుడు లెమైత్ర్ సంతోషించాల్సింది పోయి ఇబ్బందిపడ్డాడు. రేపు సిద్ధాంతం మారితే విశ్వాసం ఏమవుతుందన్నదే చిక్కు.

రెండోది పోలికలో మోసం. మన ఆదర్శాన్ని ఎదుటివారి ఆచరణతో పోల్చకూడదని మతాల సంవాదం మీద పనిచేసిన అమెరికన్ పండితుడు లెనార్డ్ స్విడ్లర్ 1983లో రాసిన సంవాద నియమాల్లో ఉంది. మన శ్లోకం పక్కన వాళ్ల శ్లోకం, మన చెత్తకుప్ప పక్కన వాళ్ల చెత్తకుప్ప.

మూడోది అతి మర్యాద. "అన్నీ ఒకటే చెబుతున్నాయి" అని ఎవరైనా అనగానే గది చల్లబడుతుంది. అప్పుడు నడిపేవారు అడగాలి: అయితే ఎవరు దేన్ని వదులుకోవడానికి సిద్ధం?

ప్రార్థన పెట్టాలా అని తప్పక అడుగుతారు. 1986 అక్టోబరు 27న ఇటలీలోని అసీసీలో వేర్వేరు మతాలవారు శాంతి ప్రార్థనకు కలిసినప్పుడు పాటించిన పద్ధతి తేలికైనది. అందరూ కలిసి ఒకే ప్రార్థన చేయలేదు, ఎవరి ప్రార్థన వారు చేస్తుంటే మిగతావారు మౌనంగా ఉన్నారు. అదీ ఇబ్బందైతే రెండు నిమిషాల మౌనం చాలు.

రాత

ఉమ్మడి ప్రకటన రాయాలని తొందరపడితే అందరికీ నచ్చే, ఎవరికీ పనికిరాని నాలుగు వాక్యాలే మిగులుతాయి. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి, తెలుసుకోవలసినవి. రెండో గడిలో ప్రతి అభిప్రాయాన్నీ దాన్ని వ్యతిరేకించేవారే రాయాలి, అవతలివారు "అవును, నేను అన్నది ఇదే" అనే దాకా దిద్దాలి. ఇరవై నిమిషాల్లో ఇలాంటివి రెండు పూర్తయితే మంచి గోష్ఠే. పేర్లు లేకుండా ఆ కాగితాన్ని వారంలోగా అందరికీ పంపండి, అభ్యంతరాలకు మరో వారం ఇవ్వండి. మూడో గడిలోంచి తర్వాతి ప్రశ్నను తీయండి, తేదీని మాత్రం జనం కుర్చీల్లోంచి లేవకముందే ఖాయం చేయండి.