ఛాతీలో నొప్పి అంటే మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి?

"గ్యాస్ అయ్యుంటుందిలే" అనుకుంటూ సోడా తాగించి, బామ్ రాసి, అరగంట చూద్దామనుకునే ఇళ్లు చాలా ఉంటాయి. ఆ అరగంటే ప్రాణం మీదికి తెస్తుంది. రక్తనాళం పూడుకుపోతే దాని మీద ఆధారపడ్డ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది, చచ్చిన కండరం మళ్లీ పెరగదు.

గుండెపోటు నొప్పిని సాధారణంగా వేలు పెట్టి చూపించలేరు. చాలామంది అరచేయో పిడికిలో ఛాతీ మధ్యలో పెట్టి "ఇక్కడంతా పట్టేసింది" అంటారు. దవడకు, వీపుకు, చేతులకు పాకొచ్చు. చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి తోడైతే ఆగొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు, పెద్దవయసు వాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, చెమట, విపరీతమైన నీరసమే ఉండొచ్చు. తగ్గి మళ్లీ వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు.

1. ముందు 108కి ఫోన్. ఇంటికి దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తు చెప్పండి, ఒకరిని వీధి చివరికి పంపండి. అంబులెన్స్ రావడం ఆలస్యమయ్యేలా ఉంటే కారులోనో ఆటోలోనో తీసుకెళ్లండి. రోగి బండి నడపకూడదు. బైక్ వెనక కూర్చోబెట్టినా స్పృహ తప్పితే పడిపోతారు.

2. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు మడిచి నేల మీద కూర్చోబెట్టండి. నడిపించొద్దు, మెట్లు ఎక్కించొద్దు. "బాత్రూమ్‌కి వెళ్లొస్తా" అంటారు, వెళ్లనివ్వొద్దు. లోపల గడియ పెట్టుకుని పడిపోతే తలుపు పగలగొట్టడానికే టైమ్ పోతుంది.

3. ఆస్పిరిన్ 300–325 మి.గ్రా. నమిలి మింగించండి. ఇంట్లో 75 మి.గ్రా. ఎకోస్ప్రిన్ (ఇదీ ఆస్పిరినే) ఉంటే నాలుగు. నమలకపోతే పై పూత వల్ల మాత్ర ఆలస్యంగా కరుగుతుంది. ఆస్పిరిన్ పడనివాళ్లకు, రక్తపు వాంతులు, నల్లటి విరేచనాలు అవుతున్నవాళ్లకు, మూతి వంకరపోయి మాట తడబడుతున్నవాళ్లకు ఇవ్వొద్దు. మాత్ర లేకపోతే వెతుకుతూ కూర్చోవద్దు. పారాసెటమాల్ దీనికి బదులు కాదు.

4. సార్బిట్రేట్ (గుండె నొప్పికి వాడే మాత్ర) డాక్టర్ ముందే రాసిచ్చినవాళ్లకే, కూర్చోబెట్టి నాలుక కింద. పక్కింటివాళ్ల మాత్ర అడిగి పెట్టొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. వయాగ్రా లాంటి మాత్ర ఈ ఒకటి రెండు రోజుల్లో వేసుకుని ఉంటే మరీ ప్రమాదం. సిగ్గుపడకుండా అడగండి.

5. పిలిస్తే పలకకుండా ఉండి, ఊపిరి ఆగినా, గురకలా ఎగశ్వాస తీస్తున్నా (అది ఊపిరి కాదు) సీపీఆర్ మొదలుపెట్టండి. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ ఎముక కింది సగంపై రెండు చేతులూ ఒకదానిపై ఒకటి వేసి, మోచేతులు వంచకుండా 5–6 సెం.మీ. లోతుకు, నిమిషానికి 100–120 సార్లు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం నిండదు. రెండు నిమిషాలకు చేతులు అలుస్తాయి, మనిషి మారాలి. దగ్గుతూ ఉంటే గుండెపోటు ఆగుతుందన్న వాట్సాప్ సలహాను నమ్మకండి.

ఆసుపత్రి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, ఏ మాత్ర ఎప్పుడు వేశారో చెప్పండి. మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి తెచ్చేయకండి. నొప్పి ఉంటే మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) రక్తపరీక్ష కూడా రెండోసారి చేయాల్సి రావచ్చు, ఎందుకంటే అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది.