కువైట్ ముబారకియా బజారు: కడప నుంచి పోయేవాళ్లు ఎలా చూడాలి, ఏం కొనాలి?

కడప, రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌తో చుట్టరికం లేని వీధి దొరకడం కష్టం. అయినా సెలవుకు వచ్చినవాళ్ల పెట్టెలు విప్పితే ఎప్పుడూ అవే కనిపిస్తాయి: నిడో పాలపొడి, టాంగ్ డబ్బా, బరువైన కంబళి. నిడో ఇప్పుడు కడపలోనూ దొరుకుతుంది. కువైట్‌లో తప్ప దొరకని సరుకు కావాలన్నా, ఆ ఊరు చమురుకు ముందు ఎలా ఉండేదో చూడాలన్నా పాత నగరంలోని ముబారకియా బజారుకు పోవాలి. పనికి పోయినవాళ్లకు అది ఒక సెలవు రోజు సాయంత్రం. పిల్లలను చూడ్డానికి వీసా మీద పోయే అమ్మానాన్నలకైతే మాల్ కంటే నూరు రెట్లు నయం.

పోయే ముందు తెలుసుకోవాల్సిన కథ

ఈ బజారుకు 1896 నుంచి 1915 దాకా కువైట్‌ను పాలించిన షేక్ ముబారక్ పేరు పెట్టారు. ఆయన కూర్చుని జనం గోడు విన్న చిన్న మేడ బజారులోనే ఉంది, ఇప్పుడది మ్యూజియం. చమురు రాకముందు కువైట్ బతుకంతా ముత్యాల వేట, పడవ వ్యాపారం. బస్రా ఖర్జూరం మన పశ్చిమ తీరానికి మోసుకొచ్చి, తిరుగు ప్రయాణంలో మలబారు టేకు, బియ్యం, సుగంధ ద్రవ్యాలు తీసుకుపోయేవారు. 1961లో దినార్ వచ్చేదాకా అక్కడ చెలామణి అయింది రూపాయే. చివరి రెండేళ్లు మాత్రం గల్ఫ్ కోసం మన రిజర్వు బ్యాంకు విడిగా అచ్చు వేసిన రూపాయి నడిచింది. ఇప్పుడు ఒక దినార్ కోసం మనవాళ్లు పడే పాట్లు చూస్తే ఈ మాట నమ్మబుద్ధి కాదు.

1990లో ఇరాక్ దాడి సమయంలో బజారు బాగా దెబ్బతింది, తర్వాత బాగుచేశారు. 2022 మార్చి 31న మళ్లీ పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. కాబట్టి అంతా పాతకాలపు కట్టడమే అనుకుని పోకండి. పాతది ఆ సందుల తీరులో, సరుకును బట్టి వీధులు విడిపోయిన పద్ధతిలో ఉంది.

ఎప్పుడు పోవాలి?

నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. ఎండల్లో మనకు అలవాటే కదా అనుకోవద్దు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది, కడప మే నెల దాని ముందు ఎక్కడ? వేసవిలో పోక తప్పకపోతే సూర్యుడు దిగాకే బయల్దేరండి. చాలా సందులకు పైకప్పు ఉంటుంది గానీ మధ్యలో ఆరుబయలు చోట్లు కూడా ఉన్నాయి.

మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేసి నాలుగు తర్వాత తెరుస్తారు. గురు, శుక్రవారాల సాయంత్రాలు పండగ ముందు మన వై.వి. స్ట్రీట్ మాదిరి కిటకిటలాడతాయి. సెలవు శుక్రవారమే అయితే మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు అయ్యీ కాగానే చేరుకోండి, రద్దీ పెరిగేలోపు సగం చూసేయొచ్చు. రంజాన్ నెలలో బజారు కళే వేరు, రాత్రంతా సందడి. కానీ పగటిపూట బయట తినడం, నీళ్లు తాగడం అక్కడ చట్టప్రకారం నేరం, మతం ఏదైనా సరే.

చేరుకోవడం

కువైట్ సిటీలో మనవాళ్లందరికీ తెలిసిన మాలియా ప్రాంతం దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి నడవడం చవకైన దారి. తప్పిపోతే తల పైకెత్తండి: 372 మీటర్ల లిబరేషన్ టవర్ ఆ చుట్టుపక్కల ఎటు నుంచైనా కనిపిస్తుంది. జేబులో సివిల్ ఐడీ, అదే బతాకా, తప్పకుండా ఉండాలి. ఇళ్లలో పనిచేసే అక్కలు ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరడం మంచిది.

ముందు ఒక చుట్టు, చేతులు జేబులోనే

నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. మొదటి గంట ఏమీ కొనకండి. ఖర్జూరాల వీధి, అత్తర్ల దుకాణాలు, ఆడవాళ్ల బట్టలు అమ్మే సూక్ అల్ హరీమ్, అరబ్బులు వేడుకలకు వేసుకునే జరీ అంచు బిష్త్‌లు కుట్టే దుకాణాలు, చేపలు, మాంసం, ఆపై బంగారం, అన్నీ చూస్తూ ధరలు అడుగుతూ పోండి. విమానం ఎక్కే ముందురోజు సాయంత్రం పరుగెత్తుకొచ్చి కొనేవాళ్లే ఎక్కువ మోసపోతారు. ఆ టెన్షన్ మొహంలోనే కనిపిస్తుంది, దుకాణదారు దాన్ని ఇట్టే పసిగడతాడు.

భాషకు భయపడొద్దు. దుకాణాల్లో ఇరానీలు, ఈజిప్టు వాళ్లు, బంగ్లాదేశీలు, మన దేశంవాళ్లు ఉంటారు. కడప వీధుల్లో నేర్చిన ఉర్దూతో బేరం సాఫీగా సాగిపోతుంది.

అంకెలు మాత్రం నేర్చుకుని పోవాలి. అట్టముక్కల మీద ధరలు అరబ్బీ అంకెల్లో రాసి ఉంటాయి. అందులో చుక్క అంటే సున్నా, మన సున్నాలా గుండ్రంగా ఉండేది ఐదు, మన ఏడులా కనిపించేది ఆరు. ఇంకో చిక్కు, ఒక దినార్‌కు 1000 ఫిల్సులు. అందుకే బిల్లు మీద చుక్క తర్వాత మూడంకెలు ఉంటాయి. 1.250 అంటే ఒకటింపావు దినార్. పైగా దినార్ విలువ 250 రూపాయల పైమాటే కాబట్టి ‘అర దినారే కదా’ అనుకునే ప్రతిసారీ మనసులో రూపాయల్లోకి మార్చి చూసుకోండి.

బేరం బట్టలు, అత్తర్లు, బొమ్మల దగ్గర ఆడొచ్చు. కూరగాయలు, తిండి దగ్గర ఆడితే నవ్వుతారు.

ఏం కొనాలి, ఏం వద్దు

ఖర్జూరం కొనండి. ఖలాస్, సుక్కరీ రకాలు మెత్తగా తియ్యగా ఉంటాయి. దుకాణదారు ఒకటి చేతిలో పెడతాడు, మొహమాటపడకుండా తిని చూడండి. వేసవి చివర్లో పోతే పచ్చటి పసుపు రంగులో కొమ్మలతో సహా బర్హీ కాయలు కనిపిస్తాయి. కొరికితే చెరుకు ముక్కలా కరకరలాడతాయి. అవి అక్కడే తినేయండి, ప్రయాణానికి నిలవవు.

అత్తరు, ధూపం వేసే ఊద్ చెక్క మంచి కానుకలు. అత్తరును తులాల లెక్కన అమ్ముతారు, తులం అంటే దాదాపు 12 మిల్లీలీటర్లు. మణికట్టు మీద రాయించుకుని బజారంతా ఒక చుట్టు తిరిగి వచ్చాక వాసన చూడండి, అరగంటకే పోయేది కొనకండి. ఇరాన్ కుంకుమపువ్వు కూడా చూడదగ్గదే.

ఏలకులు వద్దు. గల్ఫ్‌కు వచ్చే ఏలకుల్లో చాలా భాగం గ్వాటెమాలా నుంచి వస్తుంది, మన కేరళ సరుకు కడపలోనే దొరుకుతుంది. పసుపు సంగతి చెప్పనే అక్కర్లేదు, పసుపు మార్కెట్ పెట్టుకున్న ఊరివాళ్లం మనం.

బంగారం దగ్గర కాస్త నిదానించాలి. అక్కడివాళ్లు ఎక్కువగా వాడేది 21 క్యారెట్లు, మీద 875 అని ముద్ర ఉంటుంది. మన ఇళ్లలో లెక్క 22 క్యారెట్లు, అంటే 916. పనితనం మెరుపు చూసి 875 హారం తెచ్చుకుంటే, రేపు ప్రొద్దుటూరులో మార్చబోయినప్పుడు ఆ తేడా మేరకు తగ్గించే ఇస్తారు. ముద్ర కనిపించేదాకా భూతద్దం అడిగి చూడండి. గ్రాము ధర ఆ రోజుది బోర్డు మీద ఉంటుంది, బేరం చేయాల్సింది తయారీ కూలి దగ్గర. రాళ్లు పొదిగిన నగ అయితే రాళ్ల బరువు తీసేసి లెక్క కట్టమనండి. బరువు, క్యారెట్, కూలి విడివిడిగా రాసిన బిల్లు లేకుండా దుకాణం దిగొద్దు.

ఆకలేస్తే

బజారు మధ్యలో ఆరుబయట బల్లలు వేసిన హోటళ్లు ఉంటాయి. బొగ్గుల మీద కాల్చిన కబాబు, వేడి రొట్టె, పక్కన ముల్లంగి, ఆకుకూర కట్ట. మన కారం నాలుకకు చప్పగా తోచవచ్చు, పచ్చిమిరపకాయలు అడిగితే ఇస్తారు. తర్వాత చిన్న గాజు గ్లాసులో పాలు లేని టీ. ఫొటోలు ఇక్కడే తీసుకోండి గానీ చుట్టూ ఉన్న ఆడవాళ్లు, కుటుంబాలు అందులో పడకుండా చూసుకోవాలి.

పెట్టె సర్దేటప్పుడు

అత్తరు సీసాలను బట్టల మధ్య చుట్టి చెక్‌ఇన్ పెట్టెలో పెట్టండి. నగలు మాత్రం చేతి సంచిలో, బిల్లుతో సహా. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగొచ్చే మనవాళ్లకు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే నగల పరిమితి మగవాళ్లకు 20 గ్రాములు, ఆడవాళ్లకు 40 గ్రాములు. బంగారు బిస్కెట్లకు, నాణేలకు ఇది వర్తించదు. నెలో రెండు నెలలో ఉండి వచ్చే అమ్మానాన్నలకూ ఈ మినహాయింపు లేదు, కాబట్టి కూతురి నగను అమ్మ మెడలో వేసి పంపే ఆలోచన మానుకోండి. నిబంధనలు మారుతుంటాయి, టికెట్ తీసుకున్నప్పుడే కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పరిమితి దాటితే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో దిగగానే రెడ్ చానెల్ వైపు నడిచి బిల్లు చూపించి సుంకం కట్టేయడమే.