డెస్క్‌టాప్ పడి లేస్తుంటే, పాఠం 3: రైట్ క్లిక్ మెనూలో దొంగ

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను, గుర్తుందా? టాస్క్‌బార్ మాయమైన ప్రతిసారీ టైమ్ ఎంతైంది, మౌస్ ఎక్కడుంది, ఏం నొక్కారు, ఈ మూడూ రాసి పెట్టుకోమన్నాను. ఫోన్లో కాదు, కీబోర్డ్ పక్కన పెట్టుకున్న కాగితం మీద. రాయనివాళ్ళు ఇక్కడే ఆగి రెండు రోజులు రాసుకుని రండి, పాఠం ఎక్కడికీ పోదు.

మధ్యలో చేరినవాళ్ళకు పాత కథ రెండు ముక్కల్లో. విండోస్‌లో మీకు కనిపించే టాస్క్‌బార్, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు, ఫోల్డర్లు, వీటన్నిటినీ నడిపేది ఎక్స్‌ప్లోరర్ అనే ఒకే ప్రోగ్రామ్. దాన్నే షెల్ అంటారు. అది కూలిపోతే విన్‌లాగాన్ అనే ఇంకో ప్రోగ్రామ్ చూసి మళ్ళీ లేపుతుంది. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో ఆటోరీస్టార్ట్‌షెల్ అనే దాని విలువ 1 అని ఉన్నంతకాలం దాని పని అదే. అందుకే స్క్రీన్ ఒక్క క్షణం బోసిపోయి, తర్వాత ఐకాన్లు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. తెరిచి ఉన్న ఫోల్డర్లు మూసుకుపోతాయి, కానీ వర్డ్‌లో మీరు రాస్తున్న ఉత్తరం చెక్కుచెదరదు, ఎందుకంటే అది వేరే ప్రోగ్రామ్.

ఇవాళ్టి పని ఆ కూలగొట్టేది ఎవరో పట్టుకోవడం.

ముందు అసలు కూలుతున్నది షెల్లేనా కాదా తేల్చుకోండి. ఈ ఒక్క అడుగు దాటేసి మూడు రోజులు తప్పుదారిలో తిరిగినవాణ్ణి నేను, అందుకే చెబుతున్నా. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డీటెయిల్స్ అనే చోట ఎక్స్‌ప్లోరర్ వరుస వెతికి, దాని పక్కన పీఐడీ (నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ విండోస్ ఇచ్చే నంబర్) కింద ఉన్నది కాగితం మీద రాసుకోండి. మళ్ళీ డెస్క్‌టాప్ ఎగిరిపోయి వచ్చాక అదే నంబర్ చూడండి. మారిందా, షెల్ నిజంగానే చచ్చి కొత్తగా పుట్టింది, ఈ పాఠం మీకే. మారలేదా, మీ సమస్య వేరు. స్క్రీన్ మొత్తం నల్లబడి వెనక్కొచ్చి, నంబర్ మాత్రం అలాగే ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, అంటే స్క్రీన్ మీద బొమ్మ నడిపే సాఫ్ట్‌వేర్‌ని, అనుమానించాలి. అలాంటప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టాలు, అంటే లాగ్‌లు, చూపించేది, ఎలా తెరవాలో కింద చెబుతాను) సిస్టమ్ అనే లాగ్‌లో డిస్‌ప్లే పేరుతో 4101 నంబర్ ఎంట్రీ ఉందేమో చూడండి, డ్రైవర్ ఆగిపోయి కోలుకుందని అర్థం. దానికి మందు డ్రైవర్ మార్చడమే, ఇక్కడ చెప్పేవేవీ పని చేయవు.

నంబర్ మారినవాళ్ళు నాతో రండి.

స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని టైప్ చేసి తెరవండి (టైప్ చేయడం ఇంగ్లీషులోనే లెండి, నేను తెలుగులో రాస్తున్నానంతే). టాస్క్‌బార్ నిలబడనే నిలబడకపోతే టాస్క్ మేనేజర్‌లోనే రన్ న్యూ టాస్క్ నొక్కి అక్కణ్ణుంచి తెరవొచ్చు, అది షెల్ మీద ఆధారపడదు. ఎడమ పక్క విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్. లోపల వేల ఎంట్రీలుంటాయి, ఎర్ర గుర్తులు కూడా బోలెడు, వాటిని చూసి టెన్షన్ పడకండి, బాగా నడిచే కంప్యూటర్‌లోనూ ఎర్ర గుర్తులుంటాయి. కుడి పక్క ఫిల్టర్ కరెంట్ లాగ్ నొక్కి, ఈవెంట్ ఐడీ గడిలో 1000 అని ఇవ్వండి. 1000 అంటే ఒక ప్రోగ్రామ్ కూలిందని. 1002 అయితే కూలలేదు, బిగుసుకుపోయింది.

ఇప్పుడు మీ కాగితం తీయండి. దాని మీద 11:42 అని ఉంటే ఇక్కడా 11:42కి ఒక ఎంట్రీ ఉండాలి. దాని మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే వివరాల్లో మనకు కావలసినవి మూడే వరుసలు. ఫాల్టింగ్ అప్లికేషన్ నేమ్, అంటే కూలిన ప్రోగ్రామ్, ఇక్కడ ఎక్స్‌ప్లోరరే ఉండాలి. ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్, అంటే కూలిన క్షణంలో ఎక్స్‌ప్లోరర్ లోపల ఏ ముక్క నడుస్తోందో దాని పేరు. మూడోది ఎక్సెప్షన్ కోడ్, అంటే ఎలాంటి తప్పు జరిగిందో చెప్పే నంబర్. చాలామంది మొదటి వరుస చదివి "ఎక్స్‌ప్లోరర్ పాడైంది, విండోస్ ఫార్మాట్ కొట్టాలి" అనేస్తారు. అసలు సంగతి రెండో వరుసలో ఉంటుంది.

ఎందుకో చెప్పాలంటే షెల్ ఎక్స్‌టెన్షన్లు అనే వాటి గురించి చెప్పాలి. మీరు ఒక ఫైల్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో విండోస్ సొంత మాటలే కాదు, జిప్ చేసే ప్రోగ్రామ్‌ది ఒకటి, యాంటీవైరస్‌ది ఒకటి, ఎప్పుడో వేసి మర్చిపోయిన పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్‌ది ఒకటి కనిపిస్తాయి చూడండి, అవన్నీ బయటి కంపెనీలు రాసిన చిన్న చిన్న డీఎల్ఎల్ ఫైళ్ళు. అవి వేరుగా నడవవు, ఎక్స్‌ప్లోరర్ కడుపులోకే వచ్చి కూర్చుంటాయి. పిలిచిన చుట్టం వంటింట్లో గ్యాస్ వదిలేసి అగ్గిపుల్ల గీస్తే ఇల్లంతా పోయినట్టు, ఆ డీఎల్ఎల్‌లో తప్పు జరిగితే కూలేది ఎక్స్‌ప్లోరర్ మొత్తం, పేరు పోయేదీ ఎక్స్‌ప్లోరర్‌దే. రైట్ క్లిక్ మెనూవే కాదు, ఐకాన్ మూలన చిన్న పచ్చ టిక్కు పెట్టేవి కూడా ఈ జాతివే. ఈ టిక్కుల విషయంలో ఒక తమాషా ఉంది. విండోస్ మొత్తం 15 రకాల గుర్తులనే లెక్కలోకి తీసుకుంటుంది, అదీ పేర్ల అక్షర క్రమంలో. అందుకని ఫైళ్ళు ఆన్‌లైన్‌లో దాచే కంపెనీలు తమ పేరు ముందు ఖాళీలు పెట్టుకుని వరుసలో ముందుకు తోసుకొస్తాయి. రేషన్ షాపు క్యూలో చెప్పు పెట్టి చోటు కాసుకున్నట్టు.

సరే, రెండో వరుసకి వద్దాం. అక్కడ మీకు తెలిసిన సాఫ్ట్‌వేర్ పేరున్న డీఎల్ఎల్ కనిపిస్తే పండగే. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయండి, లేదంటే తీసేయండి, అయిపోయింది. కానీ ఎక్కువసార్లు అక్కడ ఎన్‌టీడీఎల్ఎల్ అనో కెర్నెల్‌బేస్ అనో ఉంటుంది. ఇవి విండోస్ సొంత ఫైళ్ళు, అన్ని ప్రోగ్రాములూ వీటి మీదుగానే పోతాయి. శవం వాళ్ళ వాకిట్లో దొరికిందంతే, చంపింది వాళ్ళే అని కాదు. ఎక్సెప్షన్ కోడ్ చివర సీ0000005 అని ఉంటే ఎవరో తమది కాని మెమరీలో చెయ్యి పెట్టారని, సీ0000374 అని ఉంటే మెమరీని ఎవరో ముందే పాడుచేసి పోయారని, ఇప్పుడు తెలిసిందని. ఈ రెండో రకం మహా చెడ్డది, తప్పు చేసినవాడు అప్పటికే ఎక్కడో ఉంటాడు.

మా పిన్ని కొడుకుకి తెనాలిలో ఫొటో స్టూడియో ఉంది. పోయిన మాఘమాసంలో, పెళ్ళిళ్ళ రద్దీలో, ఫోన్ చేశాడు. "అన్నా, కాపీ చేస్తుంటే డెస్క్‌టాప్ ఎగిరిపోతోంది. షాపతను ఫార్మాట్ కొడితే సరిపోద్దంటున్నాడు, కొట్టించేయనా?" ఆగరా బాబూ అన్నాను. హార్డ్ డిస్క్ నిండా జనాల పెళ్ళిళ్ళున్నాయి. లాగ్ తెరిపిస్తే ఎన్‌టీడీఎల్ఎల్, సీ0000374, అంటే ఏమీ తెలీదన్నమాట. విచిత్రం ఏంటంటే అదే కంప్యూటర్ మీద ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడు "నాకు ఒక్కసారి కూడా రాలేదు సార్, మీ చెయ్యే అలాంటిది" అని నవ్వుతున్నాడట. ఇద్దరూ అవే ఫోల్డర్లు, అవే ఫొటోలు కాపీ చేస్తున్నారు. రెండు రోజులు కాగితం రాయించాను. మావాడి కాగితం మీద తొమ్మిది ఎంట్రీలు, తొమ్మిదింటి పక్కనా "రైట్ క్లిక్, కాపీ" అని ఉంది. కుర్రాడి కాగితం ఖాళీ, ఎందుకంటే అతను మౌస్ ముట్టుకోడు, కంట్రోల్ సి, కంట్రోల్ వి. లాగ్ చెప్పలేని సంగతి కాగితం చెప్పింది. కాపీకి ఏ సంబంధమూ లేదు, రైట్ క్లిక్ మెనూ తెరిస్తే చాలు, అందులోకి వచ్చే చుట్టాల్లో ఒకడు ఇల్లు కూలుస్తున్నాడు.

ఇక్కడ పనికొచ్చేది నిర్‌సాఫ్ట్ వాళ్ళ షెల్‌ఎక్స్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్. మీది 64 బిట్ విండోస్ అయితే 64 బిట్‌దే దించుకోండి. ఎందుకంటే 64 బిట్ ఎక్స్‌ప్లోరర్‌లోకి 64 బిట్ డీఎల్ఎల్‌లే వస్తాయి, 32 బిట్ జాబితా చూస్తూ కూర్చుంటే దొంగ అందులో ఉండనే ఉండడు. తెరవగానే షెల్ ఎక్స్‌టెన్షన్ల పెద్ద జాబితా వస్తుంది, మైక్రోసాఫ్ట్‌వి కానివి గులాబీ రంగులో ఉంటాయి. గులాబీవి మాత్రమే ముట్టుకోండి. ఎఫ్7 నొక్కితే ఆపుతుంది, ఎఫ్8 నొక్కితే మళ్ళీ పనిలో పెడుతుంది. ఏదీ చెరిగిపోదు కాబట్టి భయం లేదు. కాకపోతే ఆపిన ప్రతిసారీ ఎక్స్‌ప్లోరర్‌ని మళ్ళీ మొదలుపెట్టాలి (టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద నొక్కి రీస్టార్ట్), లేకపోతే పాత చుట్టం లోపలే కూర్చుని ఉంటాడు.

మావాడి దగ్గర గులాబీవి 22. మొదట 22 ఆపించాను. రైట్ క్లిక్‌లు చేసి చూస్తే కూలలేదు. అంటే దొంగ ఈ 22లోనే ఉన్నాడు, ఈ మాట ముందు రూఢి చేసుకోవాలి, అన్నీ ఆపినా కూలుతుంటే ఈ దారి వదిలేయాలి. తర్వాత 11 పనిలో పెట్టాం, కూలలేదు. మిగిలిన 11లో 6 పెట్టాం, కూలింది. ఆ 6లో 3 ఆపాం, ఇంకా కూలుతోంది, అంటే పనిలో ఉన్న 3లోనే ఉన్నాడు. అందులో ఒకటి ఆపితే ఆగిపోయింది. ఎప్పుడో డీవీడీల్లో పెళ్ళి వీడియోలు ఇచ్చే రోజుల్లో వేసిన రైటింగ్ సాఫ్ట్‌వేర్‌ది అది. ఆ కంప్యూటర్‌కి ఇప్పుడు డీవీడీ డ్రైవ్ కూడా లేదు! ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే 22 సార్లు పట్టొచ్చు, సగం సగం చేస్తే అయిదు సార్లు.

ఇందులో జనం బోల్తా పడే చోటు ఒకటుంది, కాస్త నిదానంగా చదవండి. మావాడికి ప్రతి రైట్ క్లిక్‌కీ కూలేది కాదు, సుమారు నాలుగింటికి ఒకసారి. అలాంటప్పుడు రెండుసార్లు క్లిక్ చేసి "ఆగిపోయింది" అనుకుంటే మోసపోతారు, అది అదృష్టం కొద్దీ కూలలేదంతే, మీరు తప్పు సగాన్ని పట్టుకుని గంటసేపు తిరుగుతారు. నాలుగింటికి ఒకసారి కూలేదైతే వరసగా 15 క్లిక్‌లు చేయండి. దొంగ లోపల ఉండి కూడా 15 సార్లూ దొరక్కుండా పోవడం వందలో ఒకటి రెండుసార్లే జరుగుతుంది. పదింటికి ఒకసారి కూలేదైతే 40 దాకా పోవాలి. విసుగే, కానీ ఫార్మాట్ కొట్టి అన్ని సాఫ్ట్‌వేర్‌లూ మళ్ళీ వేసుకోవడం కంటే నయం. పైగా మళ్ళీ వేసేవాటిలో ఆ పాత రైటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా ఉంటే కథ మొదటికే వస్తుంది.

గులాబీవన్నీ ఆపినా కూలుతోందా? రెండు పనులు గబగబా చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎఫ్‌సీ, ఒక ఖాళీ, స్లాష్, స్కాన్‌నౌ కలిపి రాసి ఎంటర్ కొట్టండి, విండోస్ తన ఫైళ్ళను తానే సరిచూసుకుని పాడైనవి మార్చుకుంటుంది. అది అవుతుండగా టీ తాగి రండి. తర్వాత ఒక కొత్త యూజర్ ఖాతా తయారుచేసి అందులోకి లాగిన్ అవ్వండి. అక్కడ అంతా బాగుంటే విండోస్ బాగానే ఉంది, మీ ఖాతాలోనే ఏదో చెడింది. ఆ దారి నాలుగో పాఠంలో.

ఈ వారం పని: మీ 1000 ఎంట్రీల్లో చివరి అయిదు తీసి, టైమ్, మాడ్యూల్ పేరు, ఎక్సెప్షన్ కోడ్ కాగితం మీద పక్కపక్కన రాయండి. అయిదింటిలో మాడ్యూల్ ఒకటే అయితే ఒక టిక్కు పెట్టండి. వేరువేరుగా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే టిక్కు బదులు ప్రశ్నార్థకం పెట్టి, రాత్రి పడుకునే ముందు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపి వదిలేయండి. ర్యామ్ (కంప్యూటర్‌లోని మెమరీ చిప్పులు) పోతున్నప్పుడు కూడా ఇలాగే రోజుకొకరి మీద నింద పడుతుంది.